మొదటి పది నిమిషాలు ఊరికే

నేను ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది ఒక మనిషి మీద పగతో. ఈ మాట ఇంటర్వ్యూల్లో చెప్పను. అక్కడ అడిగితే లెక్కలంటే ఇష్టమనీ, కొత్త రకం ఆలోచన అనీ ఏదో చెబుతాను, వాళ్ళూ తలలూపుతారు. నిజానికి లెక్కలంటే నాకు ఇంటర్లో కూడా ఇష్టం లేదు. ఆ మనిషికి అర్థం కాని భాషలో పనికొచ్చే వస్తువు ఒకటి తయారుచేయాలి. దాన్ని అతను తనదని చెప్పుకోబోయి నలుగురిలో నోరు పెగలక నిలబడాలి. అది నేను దగ్గరగా కూర్చుని చూడాలి. నా చదువంతా అందుకే.

అతను మా టీమ్ లీడ్. నాకంటే ఏడాదిన్నర సీనియర్. తిరుమలగిరి నుంచి నల్ల బైకు మీద వచ్చి, హెల్మెట్ తీసి సరిగ్గా నా మానిటర్ పక్కన పెట్టేవాడు, తన టేబుల్ మీద చోటు లేదని. నేను మొదట్లో నా నీళ్ళ సీసా జరిపి చోటిచ్చేదాన్ని. అలా మొదలైంది, ఇంకేం చెప్పను.

సికింద్రాబాద్‌లో అప్పుడు పాత బంగళాలు కూల్చి గాజు అద్దాల భవనాలు కడుతున్నారు. అలాంటి ఒక భవనంలో మూడో అంతస్తు మాది. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద విజయనగరం వైపు నుంచి సీతాఫల్‌మండికి వచ్చి స్థిరపడ్డారు. మా వీధిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన మొదటి ఆడపిల్లని నేనే. మెడలో ఐడీ కార్డు వేసుకుని లోకల్ రైలెక్కితే జనం జరిగి చోటిచ్చేవారు. లోపల ఏం చేస్తున్నానో వాళ్ళకేం తెలుసు. పదేళ్ళ కిందట ఎవరో రాసిన ప్రోగ్రాంలో ఇక్కడొక లైను, అక్కడొక లైను మార్చడం, మార్చిన లైనుకు ముగ్గురి సంతకాలు తీసుకోవడం.

మా ప్రాజెక్టులో రోజూ రెండు పెద్ద రిపోర్టులు వచ్చేవి. ఇద్దరు మనుషులు వాటిని పక్కపక్కన పెట్టుకుని తేడాలు వెతికేవారు. నేను రెండు నెలల పాటు భోజనాల వేళ కూర్చుని ఆ పని తనంతట తానే చేసే ప్రోగ్రాం రాశాను. సగం రోజు పని నాలుగు నిమిషాల్లోకి వచ్చింది. దాన్ని అందరికంటే ముందు లీడ్‌కి చూపించాను, అంత తెలివి నాది. చాలా బాగుందన్నాడు, కోడ్ మెయిల్ చేయమన్నాడు. చేశాను. వారం తిరక్కుండా పాంట్రీ పక్క నోటీసు బోర్డు మీద అతని ఫోటో, దాని కింద ఆ నెల అవార్డు కాగితం. మేనేజర్‌కి పంపిన మెయిల్ కాపీ తర్వాత ఎవరో చూపించారు. ప్రోగ్రాం తాను తయారుచేశాననీ, టీమ్ సహకరించిందనీ ఉంది.

వెళ్ళి అడిగాను. 

“టీమ్ అని రాశాను కదమ్మా, అందులో నువ్వూ ఉన్నట్టే,” అన్నాడు.

నవ్వుతూ అన్నాడు. చిన్నపిల్లకి బుజ్జగించి చెప్పినట్టు. నేను సరేనని వచ్చేశాను. ఆ సాయంత్రం లోకల్ రైల్లో కడ్డీ పట్టుకుని నిలబడి, అతనికి చెప్పి ఉండాల్సిన జవాబులు పదిహేను తయారుచేశాను. ఒకదానికంటే ఒకటి బాగున్నాయి. సరే అన్నందుకు అతని మీద కంటే నా మీద నాకు ఎక్కువ ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళి అన్నం తినకపోతే అమ్మ, “ఏటైందే నీకు, ఎవులేటన్నారు?” అని గుచ్చి గుచ్చి అడిగింది. తలనొప్పన్నాను.

కొన్నాళ్ళకి మేనేజర్ అందరినీ పిలిచి ఒక కబురు చెప్పారు. కంపెనీ కొత్తగా సొంత సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేయబోతోంది, దానికి వేరే టీమ్ కడుతున్నారు, మా ప్రాజెక్టు నుంచి ఒక్కరికి చోటు. ఎవరి పని కంటికి కనిపిస్తే వాళ్ళకి. అప్పుడు మా అందరి కళ్ళూ నోటీసు బోర్డు వైపు తిరిగాయి. అక్కడ కనిపిస్తున్న పని నాది, ఫోటో అతనిది. నాకు ఆ కుర్చీ కావాలి. నా పేరుతో కావాలి. అంతకంటే ముందు అది అతనికి రాకూడదు.

పాంట్రీలో ఒకరోజు ఎవరో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ మాట ఎత్తారు. లీడ్ మొహం చిట్లించి, అవన్నీ ప్రొఫెసర్ల ఆటలన్నాడు. లూప్ ఉండదు, ఒకసారి పెట్టిన విలువ మళ్ళీ మార్చనివ్వదు, ఒక పేజీ చూస్తేనే తనకి తల తిరిగిందన్నాడు. నేను పంచదార లేని మెషీన్ టీ తాగుతున్నాను. అది ఉన్నట్టుండి తియ్యగా అనిపించింది. అతనికి చదవడం రాని అక్షరాల్లో రాస్తే, ఎత్తుకుపోయినా విప్పి చెప్పలేడు కదా.

ఏం రాయాలన్నది తేలడానికి ఇంకో వారం పట్టింది. ఆఫీసులో రోజూ పొద్దున్న సీడీ నిండేంత పెద్ద ఫైలు ఒకటి నలభై కంప్యూటర్లకు కాపీ కావాలి. అందరూ ఒకే సర్వర్ మీద పడేవారు, అది నత్తలా నడిచేది, గంటన్నర మేము గోళ్ళు చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. అప్పటికి జనం ఇళ్ళల్లో టోరెంట్లు దించుకోవడం మొదలైంది. అందులో అసలు సర్వర్ అంటూ ఉండదు. ఫైలుని ముక్కలు చేస్తారు, ఎవరి దగ్గరున్న ముక్క వాళ్ళు పక్కవాడికిస్తారు, పక్కవాడి దగ్గరున్నది తాము తీసుకుంటారు. ఆఫీసు నలభై కంప్యూటర్లూ అలా ఒకదానికొకటి ఇచ్చుకుంటే పది నిమిషాల పని. అలాంటి ప్రోగ్రాం సొంతంగా, ఆ తల తిరిగే భాషలో రాస్తాననుకున్నాను.

ఆ పద్ధతి గురించి చదువుతుంటే ఒక నియమం కనిపించింది. నీకు ఎవరు ఇస్తున్నారో వాళ్ళకే నువ్వివ్వు. తీసుకుని ఇవ్వనివాడి గొట్టం మూసేయ్. అది చదివి నాకు కడుపు నిండిపోయింది. లోకంలో ఎక్కడో ఎవరో తెలివైనవాడు కూర్చుని మా లీడ్‌లాంటి వాళ్ళ కోసమే రాసినట్టుంది.

దానికి ఒకటి కంటే ఎక్కువ కంప్యూటర్లు కావాలి. ఇంట్లో ఒక్కటీ లేదు. ఆఫీసులో చేస్తే రేపే అది టీమ్‌ది అయిపోతుంది. సీతాఫల్‌మండిలో రైలెక్కితే సికింద్రాబాద్ ఒక్క స్టేషనే, అక్కడ దిగి నడిస్తే రెజిమెంటల్ బజార్. ఆ సందుల్లో పాత్రల కొట్టుకూ కుట్టు మిషన్ల రిపేరు షాపుకూ మధ్య ఒక నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, గోడకి రెండు ఫ్యాన్లు. నడిపేది నలభై దాటిన ఒకాయన, పుట్టి పెరిగింది ఆ బజార్లోనే. అంతకు ముందు అక్కడే వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. అందరూ అన్న అనేవారు, నేనూ అన్నా అన్నాను.

పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా ఆయన షాపులో ఎవరూ ఉండరు. పరీక్ష ఫలితాలకీ రైల్వే టికెట్లకీ జనం వచ్చేది పదయ్యాకే. ఆ రెండు గంటలు ఆరు కంప్యూటర్లూ వాడుకుంటాననీ, బదులుగా వాటిలో వైరస్‌లు తీసిపెడతాననీ అడిగాను. ఆయన ఏం తయారుచేస్తున్నావని అడిగాడు. చెప్పాను. ఒక కంప్యూటర్లో పెట్టిన పాటలు మిగతా ఐదింటికీ వాటంతటవే పోతాయా అని అడిగాడు. పోతాయన్నాను. అప్పటిదాకా ఆయన భక్తిపాటల సీడీ పట్టుకుని ఒక్కో కంప్యూటర్ దగ్గరా స్టూలేసుకుని కూర్చునేవాడు. ఆరో నంబరు ఫ్యాను కింద ఉంటుంది, అక్కడ కూర్చో అన్నాడు.

నాలుగు నెలలు అలా నడిచింది. మొదటి నెల ఏడుపొక్కటే తక్కువ. ఐదేళ్ళుగా వేళ్ళకు అలవాటైనదేదీ ఆ భాష ఒప్పుకోదు. ఒక పేరుకి ఐదని విలువ ఇచ్చావంటే ఆ పేరు చచ్చేదాకా ఐదే. పెంచాలంటే ఆరుతో కొత్తది తయారుచేసుకోవాలి, పాతది అలాగే ఉంటుంది. పదిసార్లు చేయాల్సిన పనికి లూప్ లేదు, ఒక ఫంక్షన్ తనని తానే పిలుచుకోవాలి, ప్రతిసారీ కొంచెం చిన్న పనితో. ఫైలు ముక్కల చిట్టా చదివే ముప్పై లైన్లు రాయడానికి నాకు పదకొండు పొద్దుటిపూటలు పట్టాయి. రాసింది సరిచూసే కంపైలర్ తప్పు పట్టని రోజు లేదు. కానీ అది తిట్టినప్పుడు నాకు కోపం వచ్చేది కాదు. అది వెనకాల ఒకటి, ముందు ఒకటి చెప్పేది కాదు.

తర్వాత తర్వాత నాకు ఆ పద్ధతి నచ్చడం మొదలైంది. మామూలు భాషల్లో కొత్త విలువ రాస్తే పాతది తుడిచిపెట్టుకుపోతుంది. ఇక్కడ ఎవరు నాకు ఎన్ని ముక్కలిచ్చారు, ఎవరు ఇవ్వలేదు అన్న పట్టీ ప్రతి క్షణం కొత్తగా తయారవుతుంది, పాతదాన్ని ఎవరూ దిద్దరు. నాలాంటి దానికి సరిపోయిన ఏర్పాటు. నేను కూడా ఏదీ తుడిచేదాన్ని కాదు. ప్రతి ఫంక్షనూ రాస్తూ, దీన్ని తెర మీద వేసి వివరించమంటే అతని మొహం ఎలా ఉంటుందో ఊహించుకునేదాన్ని. ఒక్కోసారి రెండు లైన్లలో అయ్యే పనిని కావాలని ఒక్క లైనులోకి కుదించి, ఇంకా అర్థంకాకుండా చేసి మురిసిపోయేదాన్ని. అది మంచి ప్రోగ్రామింగ్ కాదు. అప్పుడు నాకు మంచి చెడ్డలు అక్కర్లేదు.

ఇచ్చినవాడికే ఇవ్వమనే నియమం దగ్గరికి వచ్చాను. దాని కింద ఇంకో చిన్న నియమం ఉంది. ప్రతి ముప్పై సెకన్లకోసారి, నీకు ఏమీ ఇవ్వనివాళ్ళలో ఒకడిని చీటీ తీసినట్టు ఎంచుకుని, వాడికి కూడా కాసేపు ఇవ్వు. దాన్ని రెండుసార్లు చదివి పళ్ళు నూరుకున్నాను. ఎందుకివ్వాలి? ఇలాంటి జాలివల్లే కదా వాళ్ళు బతుకుతున్నారు, ఎవరో ఒక వెర్రిబాగులది దొరుకుతుందన్న ధైర్యంతో. ఆ నియమం రాయలేదు. మర్చిపోయి కాదు, మొత్తం తెలిసే వదిలేశాను. వదిలేసిన రోజు చాలా తృప్తిగా ఇడ్లీ తిని ఆఫీసుకెళ్ళాను.

బయటి ప్రపంచంతో కలిపి చూస్తే ప్రోగ్రాం పనిచేసింది. ఉచితంగా పంచే ఒక పెద్ద ఫైలు పెట్టాను, ఎక్కడెక్కడివాళ్ళ దగ్గర నుంచో ముక్కలు వచ్చాయి. ఫైలు మొత్తం దిగేసరికి లేచి నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. ఆ మర్నాడు నా ప్రోగ్రాంనే ఆరు కంప్యూటర్లలోనూ పెట్టి, ఒకటో నంబరులో అన్న పాటల ఫైలు ఉంచి, ఆరింటినీ కలిపాను. ఆరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి, పలకరించుకున్నాయి, ఎవరి దగ్గర ఏముందో చెప్పుకున్నాయి. తర్వాత కదల్లేదు. ఐదు తెరల మీద సున్నా శాతం. పది నిమిషాలకీ సున్నా, గంటకీ సున్నా.

మూడు వారాలు తప్పు వెతికాను. నెట్‌వర్క్ తీగలు పీకి మళ్ళీ పెట్టాను. ముక్కలు సరిచూసే చోట వెతికాను, పలకరించుకునే చోట వెతికాను. బయటివాళ్ళ మధ్య నడుస్తోంది, అచ్చం తనలాంటివాళ్ళ మధ్యే ఆగిపోతోంది. ఆఫీసులో ఈలోగా కొత్త టీమ్‌కి పేరు దాదాపు ఖాయమైందని, అది లీడ్‌దేనని గుసగుసలు మొదలయ్యాయి. అతను అప్పుడే ట్రీట్ ఎక్కడిస్తాడో చెప్పేస్తున్నాడు. నాకు అన్నం సహించేది కాదు.

ఒక పొద్దున్న తెరల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. అన్న ఊడ్చిన చీపురు మూల పెట్టి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏమైందని అడిగాడు. ఏ కంప్యూటర్‌కి ఏం చేయమని రాశానో చెప్పమన్నాడు. ప్రోగ్రామింగ్ తెలియని మనిషికి చెప్పడం కదా, విసుగ్గానే చెప్పాను. ఒకటో నంబరు దగ్గర పాటలున్నాయి, మిగతావాటి దగ్గర లేవు, ఎవరు తనకిస్తే వాళ్ళకే ఇవ్వమని అన్నింటికీ చెప్పాను. ఆయన ఆరు తెరలూ వరసగా చూశాడు.

“ఒకలి మొకం ఒకలు చూస్కుంట కూసున్నరు చెల్లె, ఎవ్వలు షురూ జేస్తలేరు,” అన్నాడు. “మా దుకాన్ల కొత్తగ ఎవలన్న వస్తే మొదటి పది నిమిషాలు పైసల్ తీస్కోను. ముందుగాల నువ్వు రోజూ వచ్చేటోనివైతే అప్పుడు కుర్సీ ఇస్తా అంటే ఎవలొస్తరు? కొత్తోని తాన ఇచ్చెటందుకు ఏముంటది?”

నిజమే, నేను మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఆయన పది నిమిషాలు ఊరికే ఇచ్చాడు. బయటివాళ్ళతో నా ప్రోగ్రాం ఎందుకు నడిచిందో అప్పుడు తెలిసింది. వాళ్ళందరి ప్రోగ్రాంలలోనూ ఆ చిన్న నియమం ఉంది. చేతిలో ముక్క లేకుండా వెళ్ళిన నాకు వాళ్ళెవరో ముందు ఊరికే ఇచ్చారు. నేను మటుకు ఎవరికీ ఇవ్వకుండా బిగించుకున్నాను. ఒకటో నంబరుకి ఎవరూ ఏమీ ఇవ్వలేరు, ఇవ్వడానికి వాళ్ళ దగ్గర లేదు, కాబట్టి అదీ ఇవ్వదు. మూడు వారాలు నేను వెతికిన తప్పు కోడ్‌లో లేదు.

కూర్చుని ఆ నియమం రాశాను. నాలుగు లైన్లు. మళ్ళీ నడిపితే మొదటి నిమిషంలోనే రెండో తెర మీద మూడు శాతం వచ్చింది, ఆ తర్వాత ఐదో దాని మీద, ఆ తర్వాత అన్నీ ఒకదానికొకటి ఇచ్చుకోవడం మొదలుపెట్టాయి. అన్న ఆరో కంప్యూటర్లో పాట పెట్టి గట్టిగా వినిపించాడు, పాత్రల కొట్టువాళ్ళు తొంగి చూశారు. ఆయన నన్ను అడిగింది ఒక్కటే. రేపు ఆఫీసులో దీన్ని చూపించినప్పుడు, ఇది మా దుకాణంలో తయారైందని ఒక్క మాట చెప్పమన్నాడు. తప్పకుండా చెబుతానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

కానీ ఆ పొద్దున్నే రైలు స్టేషన్ పక్కగా ఆఫీసుకి నడుస్తుంటే ఇంకో ఆలోచన వచ్చింది. ఈ తప్పు నేను చేశాను. లీడ్ కూడా చేస్తాడు. నాలాగే చేస్తాడు.

మర్నాడు ఆ ముప్పై సెకన్ల అంకెని కోడ్‌లోంచి తీసి, పక్కనుండే సెట్టింగ్స్ ఫైల్లో పెట్టాను. ఆ ఫైలు ఎవరైనా చదవచ్చు. దానికి మెర్సీ, అంటే జాలి, అని పేరు పెట్టాను. మెర్సీ ముప్పై. కోడ్‌లో ఒక్క అక్షరం అర్థంకానివాడికి కూడా చేతికందే ఎత్తులో ఉంచాను. ప్రోగ్రాంని ఆఫీసు నలభై కంప్యూటర్లలో పెట్టాను. గంటన్నర కాపీ పన్నెండు నిమిషాలైంది. లీడ్ నా టేబుల్ దగ్గరికి వచ్చి హెల్మెట్ పక్కకి జరిపి మరీ కూర్చున్నాడు, చాలా బాగుందన్నాడు, కోడ్ మెయిల్ చేయమన్నాడు. నేను పంపిన వేగం చూసి ఆశ్చర్యపోయి ఉంటాడు.

శుక్రవారం సాయంత్రాలు మా ఆఫీసులో ఎవరైనా కొత్త పని చేస్తే అందరి ముందూ చూపించే ఆనవాయితీ ఉండేది. ఆ వారం అతను చూపించాడు. పెద్ద తెర, నలభై కంప్యూటర్ల పేర్లు, ఒక్కోదాని పక్కన శాతం. మేనేజర్ ముందు వరసలో ఉన్నారు, కొత్త టీమ్ పెద్దాయన వారి పక్కనే. నేను మూడో వరసలో అంచున కూర్చున్నాను. లీడ్ చాలా బాగా మాట్లాడాడు, అది మటుకు ఒప్పుకుంటాను. తాను ఈ సమస్యని చాలాకాలంగా గమనిస్తున్నాడట. టీమ్ సహకరించిందట. ఫైలు ఒకసారి అందరికీ పాకింది, చప్పట్లు కొట్టారు. ప్రశ్నలున్నాయా అన్నాడు.

చెయ్యెత్తాను. గొంతు పిల్లిలా మెత్తగా వచ్చింది.

“ఇది ఏమీ ఇవ్వనివాళ్ళకి కూడా ఇస్తోంది కదండీ. అది నష్టం కాదా?”

తెలియదు అనే మాట అతనికి రాదు. అతని గురించి నాకు అన్నిటికంటే బాగా తెలిసిన సంగతి అదే. మంచి ప్రశ్న అన్నాడు. అది పరీక్షించడానికి తానే పెట్టాననీ, తీసేయాల్సి ఉండగా ఉండిపోయిందనీ అన్నాడు. అందరూ చూస్తుండగా సెట్టింగ్స్ ఫైలు తెరిచాడు, మెర్సీ ఎదురుగా ముప్పై కొట్టేసి సున్నా పెట్టాడు. ఇప్పుడు ఇంకా వేగంగా వెళ్తుందని చెప్పి ఫైలు మళ్ళీ మొదటి నుంచి నడిపించాడు.

నలభై సున్నాలు. సరిగ్గా చెప్పాలంటే, ఫైలున్న కంప్యూటర్ పోను ముప్పైతొమ్మిది. ఒక నిమిషం అతను నవ్వుతూ నిలబడ్డాడు. రెండో నిమిషంలో నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందన్నాడు. నాలుగో నిమిషంలో నెట్‌వర్క్ చూసే అతన్ని పిలిపించాడు, ఆ వచ్చినతను అంతా బాగానే ఉందని వెళ్ళిపోయాడు. కొత్త టీమ్ పెద్దాయన కోడ్ తెరవమన్నాడు. తెరిచాడు. అది చదివి వివరించమన్నాడు. లీడ్ మౌస్ పైకీ కిందకీ తిప్పాడు. ఆ తెర మీద నేను మురిసిపోతూ కుదించిన లైన్లన్నీ ఒక్కొక్కటే పైకి పోతున్నాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇంతకంటే ఆనందం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు, అబద్ధమెందుకు. నేను తొందరపడలేదు. ఆ మౌనం ఎంతసేపు సాగుతుందో అంతసేపూ సాగనిచ్చాను.

అప్పుడు లేచాను. ముందుకెళ్ళి, అతని పక్కనే నిలబడి, సున్నా తీసి ముప్పై పెట్టాను. శాతాలు కదిలాయి. ఎందుకని మేనేజర్ అడిగారు.

“కొత్తగా వచ్చినవాడి దగ్గర ఇవ్వడానికేముంటుంది సార్? మొదటి పది నిమిషాలు ఊరికే ఇవ్వకపోతే దుకాణమే మొదలవదు,” అన్నాను.

గదిలో ఒకరిద్దరు ఆ మాట రాసుకున్నారు. కొత్త టీమ్ పెద్దాయన నవ్వి, ఎన్నాళ్ళు పట్టిందని అడిగాడు. నాలుగు నెలలన్నాను. ఎక్కడ చేశావన్నాడు. ఆ క్షణంలో రెజిమెంటల్ బజార్, పాత్రల కొట్టు, ప్లైవుడ్ అడ్డాలు కళ్ళముందు తిరిగాయి. ఆ గాజు గదిలో అవన్నీ ఎలాగో అనిపించాయి. సొంతంగా చేశాను సార్ అన్నాను.

ఆ కుర్చీ నాకే వచ్చింది. లీడ్‌ని రెండు నెలల్లో ఇంకో ప్రాజెక్టుకి మార్చారు. అతను వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి, తాను సున్నా పెడతానని ముందే ఎలా తెలుసని అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. పనున్నట్టు తెర వైపు తిరిగాను. చెబితే నేనూ అదే తప్పు చేశానని చెప్పాలి. హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయాడు. అది లేక ఖాళీ అయిన చోట నీళ్ళ సీసా పెట్టుకున్నాను.

ఆఫీసు పత్రికలో నా ఫోటో వేశారు. దాని కింద, కాస్త పెద్ద అక్షరాల్లో, పది నిమిషాల మాట, నా మాటగా. కొత్త టీమ్ సహకారంతో అని కూడా వేశారు, ఎవరికి సహకరించారో నాకు తెలియదు. ఆ కాపీ పట్టుకుని ఒక ఆదివారం పొద్దున్న నెట్ సెంటర్‌కి వెళ్ళాను. గొప్ప చూపించుకోవడానికే వెళ్ళాను. అన్న కళ్ళజోడు పెట్టుకుని కౌంటర్ మీద పేజీ పరిచి ఇంగ్లీషు అక్షరాల కింద వేలు పెట్టుకుని చదివాడు. ఫోటో మంచిగొచ్చిందన్నాడు. పది నిమిషాల మాట దగ్గర వేలు ఆగింది, నా వైపు చూసి నవ్వాడు. చివరిదాకా చదివి మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు. పేజీ తిప్పి వెనక కూడా చూశాడు.

“మన దుకాన్ ముచ్చట ఏడున్నది చెల్లె ఇండ్ల?”

“టీమ్ అని రాశారు కదన్నా,” అన్నాను. “అందులో మీరూ ఉన్నట్టే.”

నవ్వుతూ అన్నాను. అన్నాక గానీ అది ఎవరి మాటో నాకు తెలియలేదు. ఆయన ఒక్క క్షణం ఆ పేజీ వైపే చూసి, గట్లనా, మంచిదని, కళ్ళజోడు తీసి పెట్టాడు. ఆ కాగితం తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగాడు. ఉంచుకోమన్నాను. కౌంటర్ అద్దానికి లోపలివైపు, వచ్చేవాళ్ళకి కనిపించేట్టు, నాలుగు మూలలా టేపు వేసి అంటించాడు. తర్వాత నా వైపు తిరిగి, ఆరో నంబరు ఖాళీగానే ఉంది కూర్చోమన్నాడు.

వెళ్ళి కూర్చున్నాను. ఫ్యాను వేశాడు. పది నిమిషాలు కూడా కాకముందే లేచి, ఏదో పనుందని చెప్పి వచ్చేశాను.